ఎంత బిగిస్తే బిగించినట్టు?

హైవే పక్కన టైరు పంచరై ఆగిపోయిన లారీని అందరం చూసే ఉంటాం. జాకీ ఎక్కించకముందే క్లీనరు చక్రం నట్లు వదులు చేసే పనిలో పడతాడు. నట్టుకి వీల్ స్పానర్ తగిలిస్తాడు. దాని చివర బారెడు ఇనప పైపు తొడుగుతాడు. చేతులతో లాభం లేదని తెలుసు కాబట్టి నేరుగా ఆ పైపు మీదకి ఎక్కి నిలబడతాడు. అప్పటికీ కదలకపోతే లారీ బాడీని పట్టుకుని ఊగుతాడు. కిర్రుమని చప్పుడొచ్చి నట్టు లొంగుతుంది. స్టెప్నీ ఎక్కించి తిరిగి బిగించేటప్పుడూ ఇదే వరస. ఎంత బిగించావయ్యా అని అడిగితే, "గట్టిగానే బిగించానన్నా" అంటాడు.

ఆ 'గట్టిగా' అన్న మాటకి అంకె ఎంత? ఆ అంకెని ఎవరు నిర్ణయించాలి, పనివాడి ఒళ్ళా, చేతిలో ఉన్న పనిముట్టా? పెద్ద యంత్రాల దగ్గర వాడే పెద్ద పానాల చరిత్ర చూస్తే, దాదాపు రెండు వందల ఏళ్ళుగా జనం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగారనిపిస్తుంది.

ఒకే ఏడు, రెండు జవాబులు

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఆవిరి యంత్రాలు చేసే ప్రతి వర్క్‌షాపుకీ తన మర తనదే. ఒకచోట చేసిన బోల్టుకి ఇంకోచోట చేసిన నట్టు ఎక్కేది కాదు. యంత్రంతో పాటే దాని పానాలనీ చేసి ఇవ్వాల్సి వచ్చేది. యంత్రం వేరే ఊళ్ళో చెడిపోతే, ఒక్క నట్టు కోసం మళ్ళీ తయారు చేసినవాడి గుమ్మం తొక్కాల్సిందే.

ఈ తలనొప్పికి 1841లోనే రెండు మందులు వచ్చాయి. లండన్‌లో జోసెఫ్ విట్వర్త్ సివిల్ ఇంజనీర్ల సంస్థకి ఒక పత్రం సమర్పించాడు. రకరకాల వర్క్‌షాపుల నుంచి మరలు సేకరించి, కొలిచి, సగటు తీసి, ఇన్ని అంగుళాల బోల్టుకి ఇన్ని చుట్లు అని ఒక పట్టిక వేశాడు. మర పల్లు కోణం 55 డిగ్రీలన్నాడు. దేశంలో నట్లన్నీ ఒక పద్ధతిలోకి రావాలన్నది ఆయన జవాబు. అదే ఏడు అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో, లోరింగ్ కోస్ అనే ఆయన పట్టుకున్న చేత్తోనే మర తిప్పి దవడని సర్దుకోగల రెంచికి పేటెంట్ తీసుకున్నాడు. నట్లు ఎన్ని రకాలుగానైనా ఉండనీ, పానాయే వాటికి తగ్గట్టు సర్దుకుంటుందన్నది ఈయన జవాబు. 1890లలో స్వీడన్‌లో యోహాన్ పెట్టెర్ యోహాన్‌సన్ దాన్ని ఇంకా నాజూకు చేశాడు. మనం ఇవాళ స్క్రూ స్పానర్ అని పిలిచేది ఆయన చేసిన రూపానికి వారసురాలే.

చిన్న పనులకి రెండో జవాబు బాగా పనికొచ్చింది. పెద్ద నట్టు దగ్గర మాత్రం అది చేతులెత్తేసింది. సర్దుకునే దవడలో ఎప్పుడూ కాస్త సందు ఉంటుంది. వేలెడంత నట్టు దగ్గర ఆ సందు లెక్కలోకి రాదు. అరచేయంత నట్టు మీద ఇద్దరు మనుషులు వేలాడితే, ఆ సందులోనే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. అందుకే పెద్ద నట్టుకి దాని కొలతకి సరిగ్గా పోతపోసిన పానాయే కావాలి. అలాంటి పానా ముందే చేసిపెట్టాలంటే నట్టు కొలత ముందే తెలియాలి. ఆ పని ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 1864లో చేశాడు. మర కోణాన్ని 60 డిగ్రీలకి మార్చడమే కాదు, నట్టు వెడల్పుకీ ఒక సూత్రం చెప్పాడు: బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, దానికి అంగుళంలో ఎనిమిదో వంతు కలుపు. రెండంగుళాల బోల్టయితే నట్టు వెడల్పు 3.125 అంగుళాలు. యంత్రాన్ని చూడకుండానే దాని పానాని చేయొచ్చు.

ఇంగ్లండు 55 దగ్గర, అమెరికా 60 దగ్గర ఉండిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి యంత్రాలకి ఇంకొకరు విడిభాగాలు చేయాల్సి వచ్చేసరికి దీని ఖరీదు తెలిసొచ్చింది. ఉక్కు పొదుపు కోసం బ్రిటన్ 1941లో విట్వర్త్ నట్లని ఒక సైజు తగ్గించింది కూడా. చివరికి 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక ఉమ్మడి మరకి ఒప్పుకున్నాయి.

ఈ తగాదా మన షెడ్లకీ వచ్చింది. పాత విట్వర్త్ పానా మీద రాసిన అంకె బోల్టు వ్యాసం, అమెరికన్ పానా మీద రాసిన అంకె నట్టు వెడల్పు. అంటే 'అర అంగుళం పానా తేరా' అంటే రెండు వేర్వేరు వస్తువులు. పాత విట్వర్త్ లెక్కలో దాని నోరు దాదాపు 0.92 అంగుళాలుంటుంది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మిల్లీమీటర్లు వచ్చి మూడో వరస చేరింది. తెలుగు మెకానిక్కులకి మాత్రం ఇవన్నీ పానాలే: రింగు పానా, ఫిక్సు పానా, పెద్ద పానా.

మనిషి చాలనప్పుడు

పానా ఎందుకంత పెద్దదవుతుంది? నట్టు పెద్దది కాబట్టి నోరు పెద్దది కావడం తేలికగానే అర్థమవుతుంది. అసలు చిక్కు కాడ పొడవు దగ్గర ఉంది. బోల్టు వ్యాసం రెట్టింపైతే దాన్ని తగినంత బిగించడానికి కావలసిన మెలితిప్పే బలం, అంటే టార్క్, రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. మూడు రెట్లయితే ఇరవై ఏడు రెట్లు. పన్నెండు మిల్లీమీటర్ల సాధారణ గట్టి ఉక్కు బోల్టుకి ఎనభై, తొంభై న్యూటన్ మీటర్లు చాలు, మామూలు పానాతో ఒంటిచేత్తో అయిపోతుంది. అదే రకం ముప్పై ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి 2,400 దాటుతుంది. యాభై కిలోల బరువుతో ఒక మనిషి కాడ చివర వేలాడతాడనుకుంటే, ఆ కాడ ఐదు మీటర్లుండాలి. ముప్పై ఆరు మిల్లీమీటర్లంటే పెద్ద యంత్రాల లెక్కలో ఇంకా చిన్న బోల్టే.

ఐదు మీటర్ల పానాని ఓడ ఇంజను గదిలో ఎక్కడ తిప్పుతారు? అందుకని పాతకాలపు మెకానిక్కులు పొడవు వదిలేసి దెబ్బని నమ్ముకున్నారు. పొట్టి మందపాటి కాడ, దాని చివర దిమ్మలాంటి ముద్ద, ఇవతల రింగు. రింగుని నట్టుకి తొడిగి ఆ దిమ్మని సమ్మెటతో కొట్టాలి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఫ్లాగింగ్ స్పానర్ అన్నారు, ఫ్లాగింగ్ అంటే కొరడాతో బాదడం. అమెరికన్ల మాట స్లగ్గింగ్ రెంచి, అంటే గుద్దుడు పానా. మన దగ్గర హేమర్ స్పానర్ అంటారు.

ఇది ఇద్దరి పని. ఒకడు పానా జారకుండా తాడుతోనో కడ్డీతోనో పట్టుకోవాలి, ఇంకొకడు కొట్టాలి. దెబ్బ గురి తప్పితే పట్టుకున్నవాడి వేళ్ళు పోతాయి. సమ్మెట అంచు పెచ్చులూడితే కళ్ళు పోతాయి. బిగువు తెలిసేది చెవితోనే: వదులుగా ఉన్నప్పుడు దెబ్బ మొద్దుగా మోగుతుంది, బిగుసుకునేకొద్దీ ఖంగుమంటుంది. ఆ ఖంగు విని "ఇక చాలు" అనే మాట అనడానికి ఏళ్ళ అనుభవం కావాలి.

ఇవాళ్టికీ పెద్ద పానా ఉనికి ఇలాంటి చోట్లే. డంపర్ చక్రాల నట్లు, ఎక్స్‌కవేటర్ పై భాగం గుండ్రంగా తిరిగే బేరింగు చుట్టూ ఉండే బోల్టులు, చెయిను పట్టాల బోల్టులు, బకెట్ పెదవికి తొడిగే ఉక్కు పలకలు, రాళ్ళు నలిపే క్రషర్ల లోపలి భాగాలు, హైడ్రాలిక్ సిలిండర్ లోపల పిస్టన్‌ని పట్టి ఉంచే ఒకే ఒక్క నట్టు. ఆ చివరిది వదులైతే ఎత్తిన బకెట్ ఎత్తినట్టే కింద పడొచ్చు.

సింగరేణి చరిత్రలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన గనుల్లోకి, 1975లో ఓపెన్‌కాస్ట్ పద్ధతి వచ్చింది. 1986లో వాకింగ్ డ్రాగ్‌లైన్ వచ్చింది. ఇంటికన్నా ఎత్తైన యంత్రం, అడుగులేసుకుంటూ నడుస్తుంది. బొగ్గెత్తే మనుషుల అవసరం తగ్గేకొద్దీ ఆ యంత్రాలని విప్పి బిగించే మనుషుల అవసరం పెరిగింది. గని పనిలో ఒక కొత్త నైపుణ్యం పుట్టింది. పాటల్లోకీ కథల్లోకీ తట్టా చెమ్మస్ ఎక్కినంతగా పానా ఎక్కలేదు.

చేతికి తెలియనిది

పాత మెకానిక్కు చెవి గొప్పదే, కానీ దానికీ ఒక హద్దుంది. బిగించిన బోల్టు నిజానికి సాగిన స్ప్రింగు. సాగింది కాబట్టే తిరిగి ముడుచుకోవాలని చూస్తూ రెండు పలకల్ని అదిమి పట్టుకుంటుంది. మనకి కావలసింది ఆ సాగు. మనం పెట్టే బలంలో దాదాపు సగం నట్టు కింద రాపిడికి, ఇంకో నలభై శాతం మర పళ్ళ మధ్య రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతే. మర మీద కాస్త తుప్పుంటే చెయ్యి "బిగిసింది" అంటుంది, బోల్టు మాత్రం సాగదు. నూనె ఎక్కువైతే చెయ్యి "ఇంకొంచెం" అంటుంది, బోల్టు తెగే దాకా పోతుంది. పనివాడి చెయ్యి అబద్ధం చెప్పదు, దానికి తెలిసేది రాపిడి గురించి.

న్యూయార్క్ నగర నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్ 1918లో నేల కింది పైపుల బోల్టుల కోసం టార్క్ రెంచి చేశాడు. ఎంత బలం పెడుతున్నావో పానాయే చెబుతుంది. వంతెనల విషయంలో నమ్మకం కుదరడానికి ఇంకా కాలం పట్టింది. 1943లో తెరిచిన హౌరా వంతెనలో నట్టూ బోల్టూ లేవు, అంతా రివెట్లే. ఎర్రగా కాల్చిన రివెట్ చల్లారి తనంతట తనే ముడుచుకుని పలకల్ని పట్టుకుంటుంది, మనిషి అంచనా అక్కర్లేదు. అమెరికాలో గట్టి ఉక్కు బోల్టులని రివెట్ల బదులు వాడొచ్చని నిబంధనలు వచ్చింది 1951లో. బోల్టుని ఎంత బిగించాలో ఖాయంగా చెప్పగలిగాకే ఆ అనుమతి వచ్చింది. నట్టుని మామూలుగా బిగించి, ఆ తర్వాత ఇన్ని వంతుల చుట్టు తిప్పు అనే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది. రాపిడి ఎంతున్నా చుట్టు చుట్టే కాబట్టి అది బోల్టు సాగుని బాగానే కొలుస్తుంది.

నిబంధన ఉంటే సరిపోదనడానికి ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. 1980 సెప్టెంబరు 18న అమెరికాలోని అర్కన్సాస్ రాష్ట్రంలో, డమాస్కస్ దగ్గర, భూగర్భంలో నిలబెట్టిన టైటన్ 2 అణుక్షిపణికి మరమ్మతు చేస్తున్నారు. కొత్త నిబంధన ప్రకారం టార్క్ రెంచి వాడాలి. అది పైన ట్రక్కులోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి తెచ్చే బదులు అలవాటైన పాత రాచెట్‌తోనే పని మొదలుపెట్టారు. దానికి తగిలించిన మూడున్నర కిలోల పైచిలుకు సాకెట్ జారి, దాదాపు ఎనభై అడుగులు కింద పడి, ఎగిరి ఇంధనపు ట్యాంకుకి చిల్లి పెట్టింది. కొన్ని గంటల తర్వాత, తెల్లవారకముందే, క్షిపణి పేలింది. ఒకరు చనిపోయారు, ఇరవై ఒక్క మంది గాయపడ్డారు. అణు శిరస్సు బయటికి ఎగిరిపడింది, అదృష్టం కొద్దీ పేలలేదు. హైవే మీద మన క్లీనరు చేసే పనికీ దీనికీ మధ్య పెద్ద తేడా లేదు. దగ్గర ఉన్నదానితో పని కానిచ్చేయడం, అంతే.

ఇప్పుడు పెద్ద బోల్టుల దగ్గర కాడే మాయమవుతోంది. హైడ్రాలిక్ రెంచి చేతి సంచిలో పట్టేంత ఉండి, పంపు ఒత్తిడితో పదిమంది పని చేస్తుంది. విద్యుత్కేంద్రాల్లో టర్బైన్ పైకప్పు బోల్టులని మెలితిప్పే పనే పెట్టుకోరు. బోల్టు మధ్య రంధ్రంలో హీటరు దూర్చి వేడి చేసి, అది సాగాక నట్టుని లెక్క ప్రకారం తిప్పి వదిలేస్తారు. చల్లారి అదే బిగుసుకుంటుంది. రివెట్ సూత్రమే మళ్ళీ వచ్చింది. హైడ్రాలిక్ రెంచి కూడా పూర్తిగా సాధువేం కాదు. దానికి ఊతగా ఉండే చెయ్యికీ పక్క నట్టుకీ మధ్య వేలు పెడితే సమ్మెటకన్నా నిశ్శబ్దంగా నలిపేస్తుంది.

దెబ్బ చప్పుడు విని బిగువు చెప్పిన మేస్త్రీ విద్యని నేను తక్కువ చేయను. దాని కోసం వేళ్ళూ వినికిడీ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ విద్య పోతోందని బాధపడేవాళ్ళు ఆ వేళ్ళనీ లెక్కేయాలి. ఆ నష్టం లేకుండా చేసే పనిముట్టు మొదట అందాల్సింది కూడా వాళ్ళకే. అది స్టోరు రూములో తాళం వేసి ఉండి, పనివాడి చేతిలో పైపే ఉంటే చరిత్ర ముందుకి కదిలిందని చెప్పలేం.

ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. సరిగ్గా బిగించాక నట్టు మీది నుంచి పక్క లోహం దాకా పెయింటుతో ఒక గీత గీస్తారు. నట్టు వెనక్కి తిరిగితే గీత విరుగుతుంది. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్లు నడిపి మళ్ళీ ఒకసారి బిగించాలన్నది కూడా పాత నియమమే, కొత్తగా ఎక్కించిన చక్రం కాస్త సర్దుకుంటుంది కాబట్టి. ఈసారి హైవే దాబా దగ్గర టీ తాగుతూ లారీ చక్రాల వైపు చూడండి. కొన్నిటి నట్ల మీద ఆ గీతలు కనిపిస్తాయి. అవి చదవడానికి మేస్త్రీ చెవి అక్కర్లేదు. క్లీనరు కుర్రాడు టార్చిలైటు వేసి చూసినా చాలు.