పువ్వు బొమ్మకు మార్కులు వేయడం ఎలా?

సంచికకు వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడల్లా మేము ఏదో ఒక కోట గురించో, పాత మసీదు గురించో రాసి ఇచ్చేవాళ్ళం. ఉర్దూ మీడియం బడిలో చరిత్ర చెప్పుకునేవాళ్ళం గనుక మాకు చేతనయింది అదే. ఈసారి మాత్రం పువ్వుల బొమ్మల గురించి రాస్తున్నాం. చరిత్ర పంతులుకు బొమ్మలతో ఏం పని అని చదువరులు అనుకోవచ్చు. కారణం మనవి చేస్తాం.

ఎనిమిదేళ్ళ కిందట మన వార్షికోత్సవంలో పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టారు. డ్రాయింగు మాస్టారు ఆ రోజు రాలేకపోవడంతో మార్కులు వేసే పని మా మీద పడింది. అంశం ‘పువ్వు’. అందరూ కాడ, రెండు ఆకులు, పైన గులాబీ, కింద కుండీ వేశారు. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి మాత్రం ఒకే ఒక్క బంతిపువ్వు వేసింది. కాడ లేదు, ఆకు లేదు. కాగితం అంతా రేకులే. అంచుల దగ్గర రేకులు కాగితం దాటి బయటికి వెళ్ళిపోయినట్టు సగంలో తెగిపోయాయి. మేము పదికి మూడు వేశాం. ఆ అమ్మాయి వచ్చి, “సార్, పువ్వును బాగా దగ్గర్నుంచి చూస్తే కాడ కనపడదు కదా?” అని అడిగింది. “బేటీ, పువ్వంటే పువ్వులాగా ఉండాలి” అని చెప్పి పంపించేశాం.

ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. ‘పువ్వులాగా ఉండాలి’ అని మాకు ఎవరు చెప్పారు? ఆ మాటకూ ఒక చరిత్ర ఉందని తరవాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

అన్నిటికంటే పాత కొలబద్ద అదే. బొమ్మ అంటే అనుకరణ అని గ్రీకులు అన్నారు. వడ్రంగి మంచం చేస్తాడు, చిత్రకారుడు ఆ మంచాన్ని చూసి బొమ్మ వేస్తాడు, అది నకలుకు నకలు అని ప్లేటో చిన్నచూపు చూశాడు. జనం మాత్రం ఆ నకలునే మెచ్చుకున్నారు. జ్యూక్సిస్ అనే చిత్రకారుడు వేసిన ద్రాక్షపండ్లను నిజం పండ్లనుకుని పిట్టలు వచ్చి పొడిచాయని రోమను రచయిత ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దంలో రాశాడు. అది కథే కావచ్చు. అచ్చుగుద్దినట్టు ఉండటమే గొప్ప అని జనం అనుకునేవారని మాత్రం దానివల్ల తెలుస్తోంది.

ఈ కొలబద్దకు నిలబడే పువ్వు బొమ్మ మన దేశంలోనే ఉంది. జహంగీర్ పాదుషా 1620లో వసంతకాలాన కాశ్మీరులో ఉన్నాడు. అక్కడి పువ్వులకు లెక్కలేదనీ, ఉస్తాద్ మన్సూర్ వందకు పైగా పువ్వులను చిత్రించాడనీ తన ‘తుజుక్’లో రాసుకున్నాడు. మన్సూర్‌కు పాదుషా ఇచ్చిన బిరుదు ‘నాదిరుల్ అస్ర్’, అనగా ఆ కాలంలో సాటిలేనివాడు. ఆ పువ్వుల్లో మనకు మిగిలినవి బహు తక్కువ. పేరుపడ్డది ఎర్ర తులిప్, అంటే మన ఉర్దూలో లాలా. అది అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోని మౌలానా ఆజాద్ లైబ్రరీలో ఉంది. పశ్చిమ హిమాలయాల్లో పెరిగే అడవి తులిప్ అని గుర్తుపట్టగలిగేటంత నిక్కచ్చిగా ఉంటుంది.

పాదుషా కూడా మామూలు ప్రేక్షకుడు కాడు. ఏ బొమ్మ చూపించినా అది ఎవరి చేతి పనో చెప్పగలననీ, ఒకే ముఖంలో కన్నూ కనుబొమా వేరొకరు వేసినా పట్టుకోగలననీ రాసుకున్నాడు. విమర్శ అనే మాట వాడకపోయినా అది విమర్శకుడి చూపే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన చూసింది పోలిక ఒక్కటే అయితే చేతులను వేరుచేసి చెప్పడం కుదరదు. ఇద్దరు ఉస్తాదులు ఒకే పువ్వును అచ్చంగా వేసినా, రెండు బొమ్మలు ఒకటి కావని ఆయనకు తెలుసన్నమాట.

ఈ కొలబద్ద ఎక్కడ చాలదో హాలెండు పోతే తెలుస్తుంది. సుమారు 1618లో ఆంబ్రోసియస్ బోస్షార్ట్ అనే చిత్రకారుడు కిటికీలో పెట్టిన పూలగుత్తిని వేశాడు. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఒక్కొక్క పువ్వునూ చూస్తే ప్రాణం ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ కాలపు డచ్చి గుత్తుల్లో వేరువేరు నెలల్లో పూసే పువ్వులు పక్కపక్కన కనిపిస్తాయి. వసంతం మొదట్లో వచ్చే తులిప్, ఎండాకాలం గులాబీ ఒకే కూజాలో ఎలా ఉంటాయి? ముందే విడివిడిగా వేసిపెట్టుకున్న బొమ్మలనుంచి కూర్చేవారు. రేకు రేకూ నిజమే, గుత్తి మాత్రం ఏ తోటలోనూ లేదు. మరి పోలికను బట్టి దీనికి ఎన్ని మార్కులు వేయాలి?

వాళ్ళు అలా ఎందుకు వేశారో తెలియాలంటే ఇంకో ప్రశ్న అడగాలి. ఎవరికోసం, ఏ ఉద్దేశంతో వేశారు? తులిప్ యూరపుకు పదహారో శతాబ్దంలో తుర్కీ ఉస్మానియా రాజ్యంనుంచి వెళ్ళింది. హాలెండులో దాని దుంపకు ధర పెరిగి పెరిగి 1637 ఫిబ్రవరిలో ఒక్కసారిగా కూలిపోయింది. పువ్వు అక్కడ సంపద, గొప్ప. అందుకే డచ్చి బొమ్మల్లో చాలాచోట్ల రాలిన రేకు, వాలిన ఈగ, పురుగు తొలిచిన ఆకు కనిపిస్తాయి. ఎంత వెలపెట్టి కొన్నా వాడిపోయేదే అని చెప్పడం.

అదే పువ్వు ఉస్మానియా తుర్కుల దగ్గర ఇంకో అర్థం చెప్పింది. ‘లాలా’ రాసే అక్షరాలూ, అల్లాహ్ నామం రాసే అక్షరాలూ అవే: అలిఫ్, రెండు లామ్‌లు, హే. అబ్జద్ లెక్కలో రెండిటికీ 66 వస్తుంది. మదరసాలో చదివిన పిల్లవాడు కూడా వేసి చూసుకోవచ్చు. తుర్కీ మసీదుల పలకల మీద తులిప్ అంత ఎక్కువగా కనపడటానికి ఇదీ ఒక కారణమని చెబుతారు. పువ్వు ఒకటే. ఒక చోట వ్యాపారం, ఒక చోట వైరాగ్యం, ఒక చోట జిక్ర్. పోలికను మాత్రమే చూసేవాడికి ఈ మూడూ కనపడవు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో మరో కొలబద్ద బలపడింది. రష్యా రచయిత టాల్‌స్టాయ్ 1897-98లో కళ అంటే ఏమిటని ఒక పుస్తకమే రాశాడు. తాను అనుభవించిన భావాన్ని ఎదుటివాడికి అంటించగలిగితే కళ, లేకపోతే కాదు అన్నాడు. జలుబు అంటుకున్నట్టు భావం అంటుకోవాలన్నమాట. పోలిక ఉందా లేదా అన్నది ఆయనకు పెద్ద విషయం కాదు.

ఈ కొలబద్దతో చూడమని జనం చేతికిచ్చే బొమ్మ వాన్‌గో పొద్దుతిరుగుడు పువ్వులు. చాలామంది ఏమంటారు? పాపం పిచ్చెక్కినవాడు, చెవి కోసుకున్నాడు, చివరకు ప్రాణం తీసుకున్నాడు, ఆ బాధంతా ఈ పసుపు రంగులో ఉంది అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. తేదీలు చూశాక సిగ్గుపడ్డాం. ఆ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1888 ఆగస్టులో, ఫ్రాన్సులోని ఆర్ల్ అనే ఊళ్ళో. గోగాఁ అనే తోటి చిత్రకారుడు వచ్చి తనతో ఉంటాడని, అతని గది అలంకరించాలని వేశాడు. చుట్టం వస్తాడంటే ఇల్లు సున్నం వేయించుకుంటామే, అటువంటి సంబరం. గోగాఁ అక్టోబరులో వచ్చాడు. చెవి సంగతి డిసెంబరులో. చావు 1890 జూలైలో. ఆ రెండేళ్ళ తరవాతి దుఃఖాన్ని తెచ్చి ఆగస్టు సంబరానికి అంటగడుతున్నాం. ఈ పువ్వులు కృతజ్ఞతకు గుర్తు అని వాన్‌గోయే తరవాత ఒక ఉత్తరంలో రాశాడు.

మన చరిత్రలోనూ ఇటువంటి పొరపాటుకు తావుంది. షహజాదా దారా షికోహ్ తన బేగం నాదిరా బానూకు ఒక చిత్రాల సంపుటి కానుక చేశాడు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఎన్నో పువ్వుల బొమ్మలు. భార్యాభర్తలిద్దరూ 1659లో లోకం విడిచారు. ఆమె దారిలో పోయింది, అతణ్ణి చంపించారు. అది తెలిసి చూస్తే ప్రతి పువ్వూ ఏడుస్తున్నట్టే ఉంటుంది. కానీ గీసిన చెయ్యికి, ఇచ్చిన చెయ్యికి ఆ సంగతి తెలియదు. భావాన్ని బట్టి బొమ్మను కొలిచేవాడు ముందు తేదీని అడగాలి. చరిత్ర పంతులుగా మేము గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే.

ఇక ఇంకొక కొలబద్ద. 1910లో లండనులో రోజర్ ఫ్రై అనే విమర్శకుడు వాన్‌గో, సెజాన్ వంటివారి బొమ్మలు ప్రదర్శించాడు. జనం నవ్వారు. ఆ నవ్వుకు జవాబా అన్నట్టు 1914లో ఫ్రై మిత్రుడు క్లైవ్ బెల్ ఒక పుస్తకం రాశాడు. బొమ్మలో ఏముంది అన్నది వదిలెయ్యండి, గీతలూ రంగులూ ఒకదానితో ఒకటి ఎలా పొసిగాయో చూడండి, కళ అంతా ఆ రూపంలోనే ఉంది అన్నాడు. నిజం పువ్వును చూస్తే కలిగే ముచ్చట వేరు, బొమ్మను చూస్తే కలిగేది వేరు అని కూడా ఆయనే అన్నాడు. పువ్వు అందంగా ఉంది గనుక బొమ్మ అందంగా ఉంది అనేవాళ్ళకు ఇది చెంపపెట్టు.

ఈ మాట వినడానికి కొత్తగానీ మన ఆడవాళ్ళకు కొత్త కాదు. దుపట్టా అంచున పువ్వు కుట్టే అమ్మ ఏ చెట్టు పువ్వు అని అడగదు. ఎడమపక్క తీగ ఎంత వంగిందో కుడిపక్క కూడా అంతే వంగిందా అని చూస్తుంది. తాజ్‌మహల్ గోడల కింది భాగంలో పాలరాతి మీద చెక్కిన పువ్వుల్లో కొన్ని ఫలానా అని గుర్తుపట్టగలం, కొన్ని ఏ తోటలోనూ పూయనివి. అయినా ఎవరూ వాటిని తప్పు అనలేదు. వాన్‌గో బొమ్మను కూడా ఇలా చూడవచ్చు. పసుపు గోడ ముందు పసుపు కూజా, అందులో పసుపు పువ్వులు. ఒకే రంగు మీద ఒకే రంగు వేసి, దేన్నీ దేన్లోనూ కలిసిపోకుండా నిలబెట్టాడు. అది పనితనం. బాధ, సంతోషం సంగతి తరవాత.

చివరిగా, ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికిన చోటు. అమెరికాలో జార్జియా ఓకీఫ్ అనే చిత్రకారిణి ఉండేది, 1887లో పుట్టి 1986లో పోయింది. 1920ల నుంచి పువ్వులను పెద్దవి చేసి వేసింది. 1932లో వేసిన తెల్లపువ్వు బొమ్మ నాలుగు అడుగుల ఎత్తు. బొమ్మంతా పువ్వే, కాడ జాడ లేదు. అదేం పువ్వనుకున్నారు? మన దిబ్బల మీద, పొలం గట్ల మీద మొలిచే ఉమ్మెత్తకు సాక్షాత్తు చుట్టం. 2014లో వేలంలో నాలుగున్నర కోట్ల డాలర్లకు కొంచెం తక్కువకు పోయింది. అప్పటికి ఏ స్త్రీ వేసిన బొమ్మకూ అంత ధర పలకలేదు.

పువ్వు చిన్నది గనుక ఎవరూ చూడరు, పెద్దగా వేస్తే పనుల్లో పడి పరుగెత్తే న్యూయార్కు జనం కూడా ఆగి చూస్తారు అని ఆమె చెప్పుకుంది. విమర్శకులు ఆ పువ్వుల్లో స్త్రీ శరీరాన్ని, మనసులో దాచుకున్నవాటిని వెతికారు. మీ ఆలోచనలు తెచ్చి నా పువ్వుకు తగిలించి నావంటారేం అని ఆమె 1939లో కసురుకుంది. కానీ గీసినవారి మాటే తుది తీర్పా? కాదని విమ్‌సాట్, బియర్డ్స్లీ అనే ఇద్దరు పండితులు 1946లో కవిత్వం విషయంలో వాదించారు. మనసులో ఏమనుకున్నారో కాదు, చేసిన పనిలో ఏముందో చూడాలన్నారు. బొమ్మలకూ ఇది వర్తిస్తుంది. అట్లాగని చూసేవాడు తనకు తోచిందల్లా అనడానికీ లేదు. కాగితం మీద ఉన్నదే ఇద్దరికీ సాక్ష్యం.

కాబట్టి ఒక్క కొలబద్దతో అన్ని పువ్వులనూ కొలవకూడదని మాకు తెలిసొచ్చింది. గుడ్డను గజంతో కొలుస్తాం, పాలను లీటరుతో కొలుస్తాం. మన్సూర్ లాలాను పోలికతో కొలిస్తే న్యాయం. వాన్‌గోను భావంతో, తేదీ చూసుకుని. తాజ్ పువ్వులను రూపంతో. డచ్చి గుత్తిని ఎవరికోసం, ఎందుకు అనే ప్రశ్నతో. ఏ బొమ్మకు ఏ కొలబద్ద అన్నది తెలియాలంటే ముందు బొమ్మ దగ్గర కాసేపు నిలబడాలి. మేము ఆ రోజు నిలబడలేదు. నలభై కాగితాలు, అర్ధగంట సమయం.

ఆ బంతిపువ్వును మేము పోలికతో కొలిచాం. నిజానికి పోలికలో కూడా అది తప్పలేదు. మేము చూసిన దూరం వేరు, ఆ అమ్మాయి చూసిన దూరం వేరు. మొన్న రంజాను మాసంలో ఇఫ్తారు దగ్గర ఆ అమ్మాయి కనపడింది. డిగ్రీ చదువుతోంది. “బొమ్మలు వేస్తున్నావా బేటీ?” అని అడిగాం. “లేదు సార్, అప్పుడే మానేశాను” అని నవ్వుతూనే చెప్పింది. ఆ కాగితం ఉందా అంటే ఎప్పుడో పోయిందంది. మేము వేసిన మూడు మార్కులు మాత్రం ఆమెకు గుర్తున్నాయి.

సంఘం పెద్దలకు మాదొక మనవి. ఈ ఏడు పోటీలో మార్కుల కాగితం మీద ఒకటే గడి కాకుండా నాలుగు గడులు గీయించండి: పోలిక, భావం, కూర్పు, ఉద్దేశం. ఉద్దేశం అన్న గడి నింపే ముందు పిల్లవాణ్ణి పిలిచి ఒక్క మాట అడగాలని నియమం పెట్టండి. తల్లిదండ్రులు కూడా ఇంట్లో పిల్లలు వేసిన బొమ్మను చూసి “ఇదేం పువ్వు?” అనేముందు, “ఎక్కడ నిలబడి చూశావు?” అని అడిగితే మంచిది. తెలిసింది తక్కువ, రాసింది ఎక్కువ. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.