వణుకురోగము – డోపా చరిత్ర

దూలగొండి కాయల నూగు ఒంటికి తగిలినచో కలుగు దురదను మన పల్లెలలో ఎరుగనివారు అరుదు. ఆ తీగ గింజలనుండి 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనువారు డోపా అను అమైనో ఆమ్లమును వేరుచేసిరి. దానికి లొంగు వ్యాధి ఒకటి కలదని అప్పుడెవరికిని తెలియదు.

ఆ వ్యాధిని 1817లోనే లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వర్ణించియుండెను. ఆయన వ్రాసినది ఆరుగురు రోగులను గూర్చి మాత్రమే. వారిలోను కొందరు వీథిలో కనబడినవారే! అయినను చేతుల వణుకు, ముందుకు వంగిన మేను, పరుగువంటి నడక ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. లోపము మెదడులో ఎచ్చటనున్నదో తేలుటకు మరి నూరేండ్లు పట్టెను. మెదడు కాండములో నల్లగా కనబడు ఒక భాగమున కణములు నశించుచున్నవని 1919లో పారిస్‌లో త్రెత్యకోవ్ చూపెను.

పిమ్మట కథ కుందేళ్లవద్దకు వచ్చును. మన సర్పగంధి వేరునుండి స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1952లో రెసర్పిన్ అను ద్రవ్యమును తీసిరి. 1957లో స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్ దానిని కుందేళ్లకు ఇయ్యగా, అవి చెవులు వాల్చి కదలక పడియుండెను. డోపా ఇచ్చిన కొద్దిసేపటికే లేచి తిరుగాడెను. డోపా మెదడున చేరి డోపమిన్‌గా మారును. డోపమిన్‌నే నేరుగా ఇయ్యరాదా యందురేమో. అది రక్తమునుండి మెదడులోనికి పోజాలదు. అంతవరకు డోపమిన్ మరియొక ద్రవ్యము తయారగుటలో ఒక మెట్టు మాత్రమే అని తలచెడివారు. 1960లో లండనులో జరిగిన సభలో పెద్దలు కార్ల్‌సన్ మాటను అంగీకరింపలేదు. అదే సంవత్సరమున వియన్నాలో ఏరింగర్, హార్నికీవిచ్ అనువారు ఈ రోగముతో చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, డోపమిన్ మిక్కిలి తగ్గియున్నదని కనుగొనిరి. కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమానము 2000లో లభించినది.

మందుగా వాడుట మాత్రము తేలికగాలేదు. 1913 ప్రాంతమున గుగ్గెన్‌హైమ్ అను రసాయనజ్ఞుడు డోపాను 2.5 గ్రాములు తానే మ్రింగి వాంతి చేసికొనెను. 1967లో న్యూయార్కు రాష్ట్రమున కోట్జియాస్ మోతాదును వారములతరబడి మెల్లగా పెంచుచు పోయెను, కదలలేనివారు నడచిరి. కాని ఏండ్లు గడచినకొలది అదుపులేని కదలికలు బయలుదేరును. కణముల నాశమును డోపా ఆపదు.

కావున నేటి పరిశోధకులు కణములనే నాటజూచుచున్నారు. మూలకణములనుండి పెంచిన డోపమిన్ కణములను జపానులో 7గురు, ఉత్తర అమెరికాలో 12 మంది రోగుల మెదళ్లలో నాటిన ఫలితములు 2025లో ప్రకటింపబడినవి. ఇవి ముఖ్యముగా అపాయమున్నదో లేదో చూచుటకు జరిపిన పరీక్షలు. నాటిన కణములు బ్రదికియున్న సూచనలు మెదడు చిత్రములలో కనబడినవి.