దుబాసీ వృత్తి – తెలుగు వచనం: వెన్నెలకంటి సుబ్బారావు

సింగరాయకొండకు పొరుగున, కందుకూరు ప్రాంతంలోని ఓగూరులో 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశాడు. ఆంగ్లంలో స్వీయచరిత్ర రాసిన తొలి తెలుగువాడిగా ఆయన ప్రసిద్ధుడు. ఆ రచనను రూపొందించిన వృత్తిని కూడా పరిశీలించడం అవసరం.

‘దుబాసీ’ అంటే రెండు భాషలు తెలిసినవాడు. రేవు పట్టణాల్లో ఈ మాటకు వర్తకుల మధ్యవర్తి అనే అర్థం స్థిరపడింది. బేరంలో భావం అందితే చాలు. న్యాయస్థానంలో ఒక్క మాట పొల్లుపోకూడదు. సదర్ అదాలతు కంపెనీ అప్పీలు న్యాయస్థానాల్లో అత్యున్నతమైనది. కక్షిదారులవి దేశభాషలు, న్యాయమూర్తులది ఆంగ్లం, కచేరీ పరిభాషలో అధికభాగం ఫార్సీ. అందువల్ల రైతు భూమిహక్కు సైతం అనువాదకుడు ఎంచుకొన్న పదం మీద ఆధారపడేది.

1820లో మద్రాసు స్కూలు బుక్ సొసైటీకి సమర్పించిన నివేదికలో, అర్థం తెలియకుండా వల్లెవేయించే బోధనను సుబ్బారావు విమర్శించాడు. అర్థనిర్ణయమే జీవనోపాధిగా గలవాని విమర్శ ఇది.

మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామి 1830–31 నాటి తన ప్రయాణాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా తెలుగులో రాశాడు. సుబ్బారావు ఆంగ్ల రచన ఆయన మరణానంతరం 1873లో వెలువడింది. భాషలు వేరైనా ఇద్దరిదీ తేదీలతో, ఊళ్లతో అనుభవాన్ని నమోదు చేసే రీతి. ఆధునిక తెలుగు వచన చరిత్రను ముద్రణాలయాలకు, పాఠశాలలకు పరిమితం చేయక, న్యాయస్థాన అనువాదకులనూ అందులో చేర్చుకోవాలి.