శేరిలింగంపల్లి ప్రాంతం: ప్రపంచ చరిత్రతో సంబంధాలు
(బృహత్ శిలాయుగం నుండి సామ్రాజ్యవాద యుగం వరకు)

శేరిలింగంపల్లి హైదరాబాదుకు పడమటి దిక్కున, రంగారెడ్డి జిల్లాలోని మండలం. గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ, ఖాజాగూడ, గోపన్‌పల్లి, నల్లగండ్ల, హఫీజ్‌పేట, మియాపూర్, చందానగర్ దీని పరిధిలోని ప్రధాన గ్రామాలు. వీటిలో చాలావరకు ఇప్పుడు నగరంలో కలిసిపోయాయి. ఇక్కడి పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైంది. 1998లో సైబర్ టవర్స్ వెలిసిన నాటి నుంచే ఈ నేలకు చరిత్ర మొదలైందన్న భావన వ్యాప్తిలో ఉంది. అయితే ఇనుప పనిముట్ల తొలి రోజుల నుండి ఆవిరి రైలు వరకు, ప్రపంచ చరిత్రలోని ప్రతి ప్రధాన దశకూ ఈ మండలంలోనో దాని పొలిమేరల్లోనో ఆనవాళ్ళున్నాయి.

పేరు

'శేరి' అంటే ప్రభువు లేదా జమీందారు తన సొంత అజమాయిషీలో సాగు చేయించుకునే భూమి అని నిఘంటువులు అర్థం చెబుతాయి. ఈ మాటతో మొదలయ్యే ఊళ్ళు తెలంగాణలో ఇంకా ఉన్నాయి. మండలంలోని మరికొన్ని రెవెన్యూ గ్రామాల పేర్లు కూడా భూమి హక్కుల చరిత్రను నిలబెట్టుకున్నాయి. వాటి వివరణ ఈ వ్యాసంలోనే తరువాత వస్తుంది.

తొలి నాగరికతల కాలం

ఈ ప్రాంతంలో మానవ నివాసానికి అతి విలువైన సాక్ష్యం గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో దొరికింది. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయపు బండల నేలలో బృహత్ శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. తెలంగాణ పల్లెల్లో జనం ఇలాంటి సమాధులను రాకాసి గుళ్ళు అంటారు. పెద్ద బండలను గుండ్రంగా పేర్చి, నడుమ గుంత తవ్వి, చనిపోయినవారి పక్కన కుండలు, ఇనుప పనిముట్లు ఉంచి పూడ్చడం నాటి ఆచారం. చరిత్ర శాఖ ఆచార్యుడు కె.పి. రావు నాయకత్వంలో అక్కడ తవ్వకాలు జరిగాయి.

ఈ కాలపు సమాధుల్లో కనిపించే నలుపు-ఎరుపు కుండలు నాటి కుమ్మరుల నేర్పుకు నిదర్శనం. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని లోపలి భాగం, మూతి అంచు నల్లబడతాయి. గాలి ఆడిన వెలుపలి భాగం ఎర్రగా కాలుతుంది. ఒకే ఆవంలో, ఒకే మంటలో రెండు రంగులు తేవడం ఇందులోని ప్రత్యేకత.

కుండ మట్టిలోని ఇసుక రేణువులు చివరిసారి ఎప్పుడు వేడెక్కాయో ప్రకాశ మాపనంతో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో పరీక్షించి, గచ్చిబౌలి ఇనుప వస్తువులు క్రీ.పూ. 2200 ప్రాంతానివని తవ్వకందారులు ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదన నిలిస్తే, సింధు తీరంలో హరప్పా, మొహెంజొదారో నగరాలు వెలుగుతున్న రోజుల్లోనే ఇక్కడ ఇనుము వాడుకలో ఉన్నట్టు. ఇనుమును ప్రపంచానికి అనటోలియాలోని హిట్టైటులే నేర్పారన్న పాత అభిప్రాయాన్ని పునఃపరిశీలించేలా చేసిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ, నవీన శిలాయుగంలోనే ఈ పీఠభూమిపై పశుపోషకులు పెద్ద పెద్ద మందలను దొడ్లలో కట్టేసేవారని తెలిపింది. ఈ రెంటినీ కలిపి చూస్తే, నైలు, యూఫ్రటీస్ తీరాలవంటి నగరాలు లేకపోయినా ఇక్కడి జనజీవితం చురుకైనదేనని స్పష్టమవుతుంది.

శాతవాహనులు, రోము వర్తకం

కొండాపూర్ పేరు దగ్గర పాఠకులు పొరబడే అవకాశం ఉంది. శాతవాహన స్థలంగా చరిత్ర గ్రంథాల్లో కనిపించే కొండాపూర్ శేరిలింగంపల్లి మండలంలోనిది కాదు, సంగారెడ్డి దగ్గరిది. నైజాం పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ 1940 దశకం ఆరంభంలో అక్కడ తవ్వించాడు. శాతవాహన నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. మట్టి బొమ్మలు, పూసలతో పాటు రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా బయటపడింది. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లీనీ వాపోయాడు. ఆ సొమ్ములో కొంత ఈ పీఠభూమికి చేరిందనడానికి ఆ నాణెమే సాక్షి. కృష్ణా డెల్టా రేవుల నుండి తగర, పైఠాన్ నగరాల మీదుగా పడమటి తీరానికి సాగిన వర్తక మార్గం ఈ పరిసరాల గుండానే వెళ్ళి ఉంటుందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

మధ్యయుగం

శాతవాహనుల తరువాత విష్ణుకుండినులు, బాదామి చాళుక్యులు, రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు వరుసగా ఈ ప్రాంతాన్ని ఏలారు. హైదరాబాదు చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఉన్న ప్రాకృత శాసనం విష్ణుకుండినుల కాలపు బౌద్ధ విహారాన్ని పేర్కొంటుంది. లింగంపల్లికి పొరుగున ఉన్న పటాన్‌చెరు నాటి పొట్లచెరువు. అది జైనులకు కేంద్రం.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం విదేశీ వర్తకులకు రక్షణ హామీ ఇచ్చింది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు స్వాధీనం చేసుకునే పాత ఆచారాన్ని అది రద్దు చేసింది. ప్రజాహితమైన ఆ శాసనం గురించి తెలుగువారు గర్వంగా చెప్పుకుంటారు. ఆ శతాబ్దం చివరలో మార్కో పోలో మోటుపల్లిని, వజ్రాలను, ఒక రాణి పాలనను వర్ణించాడు. ఆమె రుద్రమదేవే అని పండితుల అభిప్రాయం. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాలకు లొంగింది. 1364 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు గోల్కొండను బహమనీ సుల్తానుకు అప్పగించాడు. ఖాజాగూడ కొండల్లో సమాధి ఉన్న బాబా ఫక్రుద్దీన్ ఔలియా బహమనీ వంశ స్థాపకుడికి గురువని ప్రతీతి. ఆ గుట్టకు ఫక్రుద్దీన్ గుట్ట అనే పేరు ఆయన వల్లే వచ్చింది.

గోల్కొండ యుగం (1518–1687)

శేరిలింగంపల్లి ప్రాంతం ప్రపంచానికి అతి దగ్గరగా వచ్చిన కాలం ఇదే. గచ్చిబౌలి నుండి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్న గోల్కొండ కోట ఆనాడు ఆసియా, ఐరోపా వర్తకులందరికీ పరిచితమైన పేరు.

పర్షియా ప్రాంతం నుండి వలస వచ్చిన సుల్తాన్ కులీ కుతుబ్ షాహీ వంశాన్ని స్థాపించాడు. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) గద్దెనెక్కక ముందు విజయనగరంలో తలదాచుకుని తెలుగు నేర్చాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ రోజుల్లోనే పొట్లచెరువులో ఉన్న అమీన్ ఖాన్ అనే అధికారికి పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును అంకితమిచ్చాడు. తెలుగులో తొలి అచ్చ తెనుగు కావ్యం అదే. పారశీకం రాజభాషగా ఉన్న కొలువులో, శేరిలింగంపల్లికి కూతవేటు దూరంలో, సంస్కృత పదం తగలని తెలుగు కావ్యం పుట్టడం అపురూపమైన ఘట్టం. అమీన్ ఖాన్ సమాధి పటాన్‌చెరులో ఇప్పటికీ ఉంది.

ఇబ్రహీం కాలంలో హుస్సేన్ సాగర్ తవ్వకాన్ని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ దర్గా షేక్‌పేటకు సమీపంలో ఉంది. మాదాపూర్, రాయదుర్గం కొండల నడుమ దాగిన దుర్గం చెరువు గోల్కొండ కోటకు మంచినీరిచ్చిందని చెబుతారు. చెరువుకు ఆ పేరు రావడానికి కారణం కూడా అదే అంటారు. కోటకు పడమటి దారిలో కట్టిన షేక్‌పేట సరాయి రెండంతస్తుల విడిది. దూరం నుండి వచ్చిన బిడారులు రాత్రి అక్కడ దిగి, పశువులను కట్టేసి, తెల్లవారాక కోట ద్వారం వైపు సాగేవి. పక్కనే మసీదు కూడా ఉంది. హుందా అయిన ఈ కట్టడం ముందు నిలబడితే ఆనాటి వర్తకపు రద్దీని ఊహించడం కష్టం కాదు.

రాజ్య సంపదకు మూలం వజ్రాలు, వస్త్రాలు. కృష్ణా తీరాన ఉన్న కొల్లూరు గని గోల్కొండకు 7 రోజుల ప్రయాణమని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. అక్కడ 60 వేల మంది పనిచేసేవారని అతని లెక్క. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం మెథ్‌వోల్డ్ అతనికి ముందే ఆ గనిని చూసి, గోల్కొండ రాజ్య విశేషాలను గ్రంథస్థం చేశాడు. సానపట్టడం, అమ్మకం కోట దిగువన కార్వాన్‌లో సాగేవి. గని ప్రాంతపు వర్తకుల బేరాన్ని టావెర్నియే కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, నడికట్టు గుడ్డ చాటున చేతులు కలుపుతారు. చేయంతా పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే వంద, వేలిని నడిమి కణుపు దాకా నొక్కితే యాభై, కొన మాత్రమే నొక్కితే పది. చుట్టూ ఎందరు నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. టావెర్నియే తీసుకుపోయిన నీలి వజ్రాన్ని ఫ్రెంచి రాజు 14వ లూయీ కొన్నాడు. అదే తరువాత హోప్ వజ్రమైంది. కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటిలో ఉంది.

వస్త్రాల రేవు మచిలీపట్నం. డచ్చివారు 1605–06లో, ఇంగ్లీషువారు 1611లో 'గ్లోబ్' ఓడలో అక్కడికి చేరారు. కోరమాండల్ బట్టలను ఆగ్నేయాసియా దీవులకు తీసుకెళ్ళి, వాటికి బదులు మిరియాలు, లవంగాలు కొనడం వారి వ్యాపార సూత్రం. తెలుగు నేతగాళ్ళ మగ్గాలు ఆగితే ఐరోపాకు సుగంధ ద్రవ్యాలు అందవు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి సుంకాలు మాఫీ చేస్తూ 'బంగారు ఫర్మానా' ఇచ్చాడు. వర్తకాన్ని పెంచుకోవడానికి చేసిన ఆ ఉదార చర్య ఫలితం తరువాతి శతాబ్దంలో తెలిసింది.

మొగలుల ఒత్తిడి ఏటేటా పెరిగింది. 1636లో అబ్దుల్లా షాజహానుకు కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. వజ్ర వర్తకంలో ఎదిగి మంత్రి అయిన పర్షియన్ మీర్ జుమ్లా 1655–56లో మొగలుల పక్షం చేరాడు. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా (1672–1687) అక్కన్న, మాదన్న సోదరులకు పరిపాలన అప్పగించాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను 8 నెలలపాటు ముట్టడించాడు. కోటలోని ఒక సర్దారు ద్రోహం చేసి తలుపు తెరవడంతో సెప్టెంబరులో అది లొంగింది. గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలైనా చివరి దాకా పోరాడాడు. ఆయన స్వామిభక్తిని శత్రువులు కూడా మెచ్చుకున్నారు. తానాషాను దౌలతాబాదు కోటలో బంధించారు.

అసఫ్ జాహీలు, సామ్రాజ్యవాద యుగం

1724లో శకర్‌ఖేడా యుద్ధంలో గెలిచి, అసఫ్ జాహీ వంశ స్థాపకుడు నిజాం ఉల్ ముల్క్ దక్కనులో స్వతంత్ర అధికారం నిలుపుకున్నాడు. 1748లో ఆయన మరణించాక వారసుల తగవులో ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు చెరో పక్షం చేరారు. ఐరోపా రాజుల పోరు దక్కను కొలువులోకి వచ్చింది. ఫ్రెంచి సేనాని బుస్సీ 1753లో ఉత్తర సర్కారులను పొందాడు. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నాన్ని గెలవడంతో ఫ్రెంచివారి పట్టు సడలింది. 1766, 1768 ఒప్పందాలతో తీరాంధ్ర ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. నైజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ సెప్టెంబరులోనే నైజాం సైన్య సహకార ఒప్పందంపై సంతకం చేశాడు. 1800లో రాయలసీమ జిల్లాలు కంపెనీకి దత్తమయ్యాయి. 1806 నుండి సికింద్రాబాదు ఇంగ్లీషు దండు విడిది అయింది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై జరిగిన దాడి వీరోచితమైనదే కానీ ఒక్క రాత్రితో ముగిసింది.

నైజాం అప్పుల కింద 1853లో కంపెనీ స్వాధీనమైన బీరారు పత్తి లాంకషైర్ మిల్లులకు ముడిసరుకైంది. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోగా బీరారు విలువ మరింత పెరిగింది. మరోవైపు, కోనసముద్రంలో తయారై పర్షియా వర్తకులు వెదికి కొన్న తెలంగాణ ఉక్కు గిరాకీ చౌక ఇంగ్లీషు ఇనుము ముందు తరిగిపోయింది. గచ్చిబౌలి సమాధుల నాటి నుండి వచ్చిన ఒక నైపుణ్యం అలా చేజారింది.

శేరిలింగంపల్లి నేల మీద సామ్రాజ్యవాద యుగపు ప్రత్యక్ష చిహ్నం రైలు దారి. బొంబాయి–మద్రాసు మార్గంలోని వాడి జంక్షన్ నుండి సికింద్రాబాదుకు వేసిన లైను 1874లో మొదలైంది. అది లింగంపల్లి మీదుగా వెళుతుంది. దండు కదలికలకూ, ముడిసరుకుల రవాణాకూ ఉపయోగపడిన ఈ దారి ఖర్చు నైజాం ఖజానా మోయాల్సి వచ్చింది. తరువాత చాందా రైలు పథకంపై 1883లో నగరంలో నిరసన లేచింది. ఆ ఆందోళనలో పాల్గొన్న విద్యావేత్త అఘోరనాథ్ చట్టోపాధ్యాయను నగరం నుండి పంపివేశారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. తమ డబ్బు ఎక్కడికి పోతోందని ఇక్కడి చదువరులు బహిరంగంగా అడిగిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

మిగిలిన ఆనవాళ్ళు

నైజాం కాలపు భూస్వామ్యం గ్రామాల పేర్లలో నేటికీ చదవవచ్చు. రాయదుర్గం ఒక్క పేరుతోనే మూడు రెవెన్యూ గ్రామాలున్నాయి. 'రాయదుర్గ్ పాయిగా' సైన్యాన్ని పోషించే ప్రభువంశానికి ఇచ్చిన ఎస్టేటు. 'రాయదుర్గ్ పన్‌మక్తా' నిర్ణీత శిస్తుకు ఇచ్చిన భూమి. 'రాయదుర్గ్ నౌఖల్సా' కొత్తగా సర్కారు ఖాతాలో చేరిన భూమి. 'కంచ గచ్చిబౌలి'లోని కంచ పశువులు మేసే బీడు. అద్దాల భవనాల కొనుగోలు దస్తావేజుల్లో ఈ మాటలే ఇప్పటికీ రాస్తున్నారు. విశ్వవిద్యాలయ ప్రాంగణపు సమాధి రాళ్ళు, షేక్‌పేట సరాయి, ఫక్రుద్దీన్ గుట్ట, దుర్గం చెరువు ఈ చరిత్రకు మిగిలిన సాక్షులు. వీటిలో సమాధి రాళ్ళు అతి పాతవి, కదిలిస్తే తిరిగి కూర్చడానికి వీలు లేనివి. కనుక వాటి సంరక్షణ అన్నిటికన్నా ముందు రావలసిన పని.