పట్టాల వెంట పెరిగిన అభిరుచి: రైలు అభిమానుల చరిత్ర

రైలు ఎక్కేది ఊరు చేరడానికే అయినా, ఆ ఊరి కన్నా రైలు మీదే ఎక్కువ ధ్యాస ఉండే ప్రయాణికులు రైళ్లు పుట్టిన నాటి నుంచీ ఉన్నారు. ఇవాళ వాళ్లను రైల్ ఫ్యాన్లు అంటున్నారు. ఇద్దరు రైలు అభిమానులు మొదటిసారి కలిస్తే ఉద్యోగం, చదువు లాంటి మాటలు తర్వాతెప్పుడో వస్తాయి. ముందు తేలాల్సింది ఎవరు ఏ లైను పక్కన పెరిగారు, ఆ లైనులో ఏ షెడ్డు ఇంజన్లు తిరిగేవి, అందులో ఎంత దూరం ప్రయాణించారు అన్నవే. ఆ పరిచయమే కాసేపట్లో ప్రయాణ కథనంగా మారుతుంది. ఇంగ్లండులో ఈ అభిరుచి ఇంజను నంబర్లు పోగుచేయడంతో బలపడితే, భారతదేశంలో ఒక పగలూ ఒక రాత్రీ సాగే ప్రయాణాల్లోంచి పుట్టింది. ఆ తేడా వల్లే ఇక్కడి అభిమానులు రాసుకున్న వాటిలో ప్రయాణ అనుభవాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటి అభిమానుల్లో ఒకరిగా ఫానీ కెంబుల్ అనే ఆంగ్ల నటిని చెప్పుకోవచ్చు. లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం 1830 సెప్టెంబరులో మొదలైంది. అంతకు కొద్దివారాల ముందే, ఇరవయ్యేళ్ల వయసులో ఆమె జార్జ్ స్టీఫెన్‌సన్ పక్కన ఇంజను మీద కూర్చుని ఆ దారిలో ప్రయాణించింది. ఇంజను ఎలా కదులుతుందో, నీరూ నిప్పూ ఎక్కడ ఉంటాయో, కొండను తొలిచిన దారిలో ఎలా వెళ్లిందో స్నేహితురాలికి ఉత్తరంలో వివరంగా రాసింది. రైలు ప్రయాణ కథనానికి ఉండాల్సిన లక్షణాలన్నీ ఆ ఉత్తరంలో అప్పటికే ఉన్నాయి. తర్వాత 1897లో ‘రైల్వే మ్యాగజైన్’ పత్రిక, 1899లో లండన్‌లో రైల్వే క్లబ్ వచ్చాయి. 1942లో ఇంగ్లండులోని సదరన్ రైల్వేలో చిన్న గుమాస్తాగా ఉన్న ఇయన్ అలన్ ఆ కంపెనీ ఇంజన్ల నంబర్లన్నీ ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అది చేతికి అందాక బడిపిల్లలు ప్లాట్‌ఫారం చివర గుంపులుగా నిలబడి, కనబడిన ఇంజను నంబరుకల్లా గీత కొట్టుకోవడం మొదలుపెట్టారు.

లివర్‌పూల్ లైను మొదలైన ఆ 1830లోనే మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలో కాశీయాత్రకు బయలుదేరాడు. తిరిగి రావడానికి పదిహేను నెలలు పట్టింది. ఆయన బయలుదేరిన మద్రాసులోనే ఇరవయ్యారేళ్ల తర్వాత, 1856 జులై 1న, రాయపురం స్టేషను నుంచి దక్షిణ భారతంలోని మొదటి ప్రయాణికుల రైలు వాలాజా వైపు కదిలింది. బొంబాయిలో బోరీబందర్ నుంచి ఠాణాకు తొలి రైలు నడిచి అప్పటికి మూడేళ్లయింది. 1853 ఏప్రిల్ 16 నాటి ఆ 34 కిలోమీటర్ల ప్రయాణంలో పద్నాలుగు పెట్టెలు, సుమారు నాలుగు వందల మంది ఉన్నారు. పెట్టెలను లాగిన మూడు ఇంజన్లకు సాహిబ్, సింధ్, సుల్తాన్ అని పేర్లు. ఆ పేర్లు ఇప్పటికీ రైలు అభిమానుల నాలుక మీదే ఉంటాయి.

తెలుగు నేలను పట్టాలు ఒక్కో వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చాయి. రాయలసీమ గుండా మద్రాసు–బొంబాయి దారి 1871లో కలిసింది. వాడి జంక్షన్ నుంచి నిజాం రైలు సికింద్రాబాదుకు 1874లోనూ, బెజవాడకు 1889లోనూ చేరింది. గోదావరి దగ్గర మాత్రం కొన్నేళ్లపాటు రైలు దిగి, నది దాటి, అవతల మళ్లీ రైలు ఎక్కాల్సి వచ్చేది. 1900లో హావ్‌లాక్ వంతెన తెరిచాక ఆ ఎడం పూడింది. యాభై ఆరు ఖానాల ఆ వంతెన మీదుగా 1997 దాకా రైళ్లు నడిచాయి. కిటికీలోంచి గోదారమ్మకు నాణెం వేసి దణ్ణం పెట్టుకోవడం తెలుగువాళ్ల రైలు ప్రయాణంలో అలవాటైపోయింది. ఇంజను తరగతి ఏదో తెలియని వాళ్లు కూడా వంతెన వస్తోందని చక్రాల చప్పుడు మారగానే పట్టేసి, నిద్రపోయే పిల్లల్ని లేపేవాళ్లు. అభిమానమంటే ఇలాంటి ఎరుకతోనే మొదలవుతుంది.

భారతీయులు రైలు అనుభవాన్ని పుస్తకాల్లో పెట్టడం కూడా తొందరగానే జరిగింది. బెంగాలీ రచయిత భోలానాథ్ చందర్ ఉత్తర భారతంలో చేసిన ప్రయాణాలను 1869లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1873లో తండ్రితో కలిసి తొలిసారి రైలెక్కాడు. పెట్టెలోకి ఎక్కడం ప్రాణాల మీదికి తెచ్చే పని అని మేనల్లుడు సత్య ముందే బెదరగొట్టాడట. తీరా అంత తేలిగ్గా ఎక్కేసరికి చిన్నబుచ్చుకున్నానని ఠాగూర్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. మొదటి రైలు ప్రయాణాన్ని జీవితాంతం గుర్తుంచుకునే ఈ తీరు తర్వాతి తరాల అభిమానుల పరిచయాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రైలెక్కకుండానే ప్రయాణం చేసిన వాళ్లూ ఉన్నారు. కలకత్తాలో అచ్చయ్యే న్యూమన్ బ్రాడ్‌షా టైంటేబుల్‌ను, ఆ తర్వాత జోన్ల వారీ టైంటేబుళ్లను నవలలా చదువుతూ, ఎక్కడ ఏ బండి దిగితే ఏ బండి దొరుకుతుందో లెక్కలు వేసుకోవడమే వాళ్ల కాలక్షేపం.

అభిరుచిగా దీనికి ఒక రూపం రావడంలో విదేశీయుల పాత్ర తక్కువది కాదు. బ్రిటిష్ రైల్వేలో ఆవిరి ఇంజన్లు 1968 ఆగస్టుతో ముగిశాయి. అక్కడ పొగబండి కనుమరుగైన రోజుల్లో భారతదేశంలో వేల ఆవిరి ఇంజన్లు మామూలుగా పనిచేస్తున్నాయి. గుండ్రటి ముక్కు మీద నక్షత్రం పెట్టుకున్న డబ్ల్యూపీ ఇంజన్లు మెయిళ్లను లాగుతుంటే, డబ్ల్యూజీలు గూడ్సు బండ్లను లాగేవి. వాటిని ఫొటోలు తీసుకోవడానికి కెమెరాలు భుజాన వేసుకుని ఆంగ్లేయులు, జర్మన్లు తరలివచ్చారు. ఐసీఐ కంపెనీ ఉద్యోగిగా భారతదేశంలో ఉన్న మైఖేల్ సాటో వాళ్లలో ముఖ్యుడు. తుక్కుకు పోతున్న పాత ఇంజన్లను దేశమంతా తిరిగి వెతికి, ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం ఏర్పాటుకు సలహాదారుగా పనిచేశాడు. దానికి 1971లో శంకుస్థాపన చేసిన రాష్ట్రపతి వి.వి. గిరి స్వయంగా రైల్వే కార్మిక సంఘాల్లో ఎదిగిన నాయకుడు. మ్యూజియం 1977 ఫిబ్రవరి 1న తెరుచుకుంది. 1855లో లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఇంజను అక్కడే కొలువుదీరింది. 1909లో పని విరమించిన ఆ ఇంజను 1997లో మళ్లీ పట్టాలెక్కి ఢిల్లీ నుంచి అల్వార్‌కు యాత్రికులను తీసుకెళ్లింది. ఒక ప్రభుత్వ శాఖ తన పాత సరుకును తుక్కుగా కాకుండా చరిత్రగా చూడడం మొదలుపెట్టిందంటే, అందులో ఇలాంటి పట్టువదలని అభిమానుల శ్రమ చాలా ఉంది.

దేశీయ అభిమానుల పుట్టిల్లు రైల్వే కాలనీ. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు, దాని చుట్టూ అల్లుకున్న కాలనీ ఉండేవి. డోర్నకల్, కాజీపేట, గుంతకల్లు లాంటి జంక్షన్లలోనూ డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డుల ఇళ్లు పట్టాల పక్కనే. అక్కడి పిల్లలకు కూత వినబడగానే వచ్చింది ఏ బండో, ఎంత లేటో తెలిసిపోయేది. మద్రాసు లైను విద్యుదీకరణ అయ్యాక బిట్రగుంట షెడ్డు చల్లబడింది. ఆ ఊరి వైభవాన్ని తలుచుకునే వాళ్ల మాటల్లో ఇప్పటికీ బొగ్గు, బూడిద వాసన ఉంటుంది. ఆవిరి యుగం చివర పుట్టిన పిల్లలకు మాత్రం అభిమాన దేవత డబ్ల్యూడీఎం-2 డీజిలు. అమెరికాలోని ఆల్కో నుంచి 1962లో వచ్చి, ఆ తర్వాత వారణాసిలో వేల సంఖ్యలో తయారైన ఇంజను అది. బయలుదేరేటప్పుడు నల్లటి పొగ కక్కుతూ, గుడగుడమని అది చేసే చప్పుడును రికార్డు చేసి దాచుకున్న వాళ్లు ఎందరో.

అభిమాని రాసే ప్రయాణ కథనానికి ఒక పద్ధతి ఏర్పడింది. మొదట బండి నంబరు, ఎన్ని పెట్టెలు, ఇంజను తరగతి, నంబరు, అది ఏ షెడ్డుదో రాస్తారు. తరగతిలోని అక్షరాలు విడదీస్తే ఇంజను సంగతంతా తెలుస్తుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, వై అంటే మీటర్ గేజి, తర్వాతి అక్షరం డీ అయితే డీజిలు, ఏ అయితే ఏసీ కరెంటు, ఆపైన పీ ప్రయాణికుల బండికి, జీ గూడ్సుకు, ఎం రెండింటికీ. ఇంజను పక్కన రాసిన షెడ్డు పేరు చూసి లాలాగూడదా, గుత్తిదా, విజయవాడదా అని గుర్తుపడతారు. తర్వాత ఏ స్టేషను ఎన్నింటికి దాటిందో, ఎక్కడ ఎవరికి దారి ఇవ్వడానికి ఆగిందో, ఎదురొచ్చిన బండ్లేమిటో వరుసగా నమోదవుతాయి. ఒంటి లైను అయితే టోకెను మార్చుకునే దృశ్యానికి ప్రత్యేక స్థానం. ముందుకు వెళ్లేందుకు అనుమతిగా ఇచ్చే ఇనుప గోళాన్ని బెత్తపు వలయానికి కట్టిన సంచిలో పెట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం మీద ఎత్తి పట్టుకునేవాడు. బండి ఆగకుండానే ఇంజను సిబ్బంది ఒక వలయాన్ని చేత్తో అందుకుని, వెనకటి సెక్షనుది కిందికి విసిరేవాళ్లు.

వేగాన్ని కొలిచే ఉపాయం మరీ ముచ్చటైనది. పాత బ్రాడ్ గేజి పట్టాలు 13 మీటర్ల పొడవున ఉండేవి. ఒక పట్టా ముగిసి ఇంకోటి మొదలయ్యే అతుకు దగ్గర చక్రాలు టకటకమనేవి. గడియారం చూసుకుంటూ 47 సెకన్లలో అలాంటి అతుకులు ఎన్ని దాటాయో లెక్కపెడితే, గంటకు అన్ని కిలోమీటర్ల వేగం అన్నమాట. మీటర్ గేజిలో పట్టా 12 మీటర్లు కాబట్టి 43 సెకన్లు లెక్కపెట్టాలి. పట్టాలను కలిపి వెల్డింగ్ చేయడం మొదలయ్యాక ఆ చప్పుడు పోయింది. అప్పుడు కిలోమీటరు రాళ్ల మీదికి చూపు మళ్లింది. ఒక రాయి నుంచి ఇంకో రాయికి 36 సెకన్లు పడితే బండి వంద మీద ఉన్నట్టు, 30 పడితే నూట ఇరవై మీద ఉన్నట్టు. జేబు ఫోనే వేగం చెప్పే ఈ రోజుల్లోనూ కొందరు పాత లెక్కే వేస్తారు.

చదువుకోసం అమెరికా వెళ్లిన కొందరు భారతీయులు 1989లో ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్‌ను మొదలుపెట్టారు. ఇంటికి దూరంగా ఉన్నప్పుడే ఇంటి దారి రైలు ఎక్కువ గుర్తుకు రావడం సహజం. ఎవరి ఊరి లైను గురించి వాళ్లు చెప్పుకోవడంతో మొదలై, కొన్నేళ్లలో అది ఇంజన్లు, సిగ్నళ్లు, మూతపడిన మార్గాల సమాచారానికి పెద్ద ఖజానా అయింది. 1999లో ఇండియన్ స్టీమ్ రైల్వే సొసైటీ ఏర్పడింది. అదే ఏడాది డార్జిలింగ్ రైలు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీలగిరి రైలుకు 2005లో, కల్కా–సిమ్లా రైలుకు 2008లో ఆ గౌరవం దక్కింది.

దేశమంతా ఒకే గేజి ఉండాలని 1992లో తలపెట్టిన మార్పిడి పని అభిమానులను బాగా కదిలించింది. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలం, అటు నాందేడ్ వైపు, గుంటూరు నుంచి గుంతకల్లు దారి, ఇవన్నీ అప్పట్లో మీటర్ గేజి మార్గాలే. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను మీటర్ గేజికి ముఖ్య కేంద్రంగా ఉండేది. ఒక్కో సెక్షను మూసే ముందు ఆఖరి బండిలో ప్రయాణించి, ఆ దారిలోని ప్రతి స్టేషను పేరునూ, వంతెననూ రాసుకున్న వాళ్లున్నారు. నల్లమలలో గుంతకల్లు లైను మీద ఉన్న దొరబావి వంతెన ఇలా వాడుకలోంచి తప్పుకున్నదే. లోయలో ఎత్తయిన ఆ స్తంభాలను చూడడానికి అడవిలో నడిచి వెళ్లే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రయాణికుల దృష్టిలో ఈ మార్పిడి వల్ల మేలే జరిగింది. కానీ ఆ మార్గాలు ఎలా నడిచేవో పూసగుచ్చినట్టు చెప్పాలంటే ఆఖరి బండి ఎక్కిన వాళ్ల రాతలు, ఫొటోలు కావాల్సిందే.

తెలుగు ప్రాంతంలో దేశం నలుమూలల అభిమానులను రప్పించిన మార్గం కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపేందుకు 1960ల్లో తూర్పు కనుమలను తొలిచి వేసిన దారి ఇది. 58 సొరంగాలు దాటుకుంటూ సిమిలిగుడ దగ్గర సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కాశ్మీర్ లైను వచ్చేదాకా బ్రాడ్ గేజిలో ఇంత ఎత్తయిన స్టేషను దేశంలో లేదు. 1980ల చివర స్వీడన్ నుంచి, జపాన్ నుంచి తెప్పించిన 18 డబ్ల్యూఏజీ-6 తరగతి ఇంజన్లు విశాఖలోని వాల్తేరు షెడ్డులో తప్ప ఇంకెక్కడా ఉండేవి కావు. వాటి కోసమే విశాఖ వచ్చిన అభిమానులున్నారు. 2017 ఏప్రిల్‌లో అరకు బండికి అద్దాల పైకప్పు పెట్టె తగిలించాక, ఆ సొరంగాల అనుభవం మామూలు యాత్రికులకూ అందింది.

చాలాకాలం ఈ అభిరుచికి పెద్ద అడ్డంకి ఫొటోల మీద నిషేధం. భద్రత పేరిట స్టేషన్లలో, వంతెనల దగ్గర అనుమతి లేకుండా కెమెరా తీయనిచ్చేవాళ్లు కాదు. ఇంజనును ఫొటో తీసినందుకు పోలీసులకు సంజాయిషీ చెప్పుకున్న ఉదంతాలు పాత అభిమానుల కథనాల్లో కొల్లలు. చేతికో ఫోను వచ్చాక ఆ పట్టు సడలింది. ఇప్పుడు బడిపిల్లలు కూడా లెవెల్ క్రాసింగు దగ్గర నిలబడి దూసుకుపోయే బండిని వీడియో తీసి, ఇంజను నంబరుతో సహా వివరాలు చెబుతున్నారు. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు–హైదరాబాదు మధ్య మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు 2024లో యాభై ఏళ్లు నిండినప్పుడు విశాఖ స్టేషనులో కేకు కోసి వేడుక చేశారు. పెరంబూరులో తయారైన నీలి పెట్టెల స్థానంలో జర్మన్ నమూనా ఎల్‌హెచ్‌బీ పెట్టెలు, డీజిళ్ల స్థానంలో కరెంటు ఇంజన్లు వచ్చేస్తున్న ఈ కాలంలో, ఏ షెడ్డు నుంచి ఏ డీజిలు ఎప్పుడు వెళ్లిపోయిందో తారీఖులతో సహా రాసిపెట్టే పని ఈ కొత్త తరం చేస్తోంది.