గృహ సంగీత రికార్డింగ్ పరికరాలు

ఇంటి గదిలోనే గాత్రాన్ని, వాద్యాలను నమోదు చేసుకోవడానికి వాడే తక్కువ ఖర్చు సాధనాలను గృహ రికార్డింగ్ పరికరాలు అంటారు. మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు, కంప్యూటర్ ఇందులో ముఖ్యం. 1979లో టాస్కామ్ విడుదల చేసిన పోర్టాస్టూడియో, నాలుగు ట్రాకుల రికార్డింగును క్యాసెట్ మీదికి తెచ్చి ఈ పద్ధతికి దారి వేసింది. కంప్యూటరులో రికార్డింగుకు వాడే, 2000లో వచ్చిన ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం.

ధర కన్నా ముందు చూడవలసింది గదిని. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లలో నేల, సిమెంటు గోడలు ధ్వనిని వెనక్కి కొడతాయి. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కోరే కండెన్సర్ మైకు ఆ మారుమోతను, ఫ్యాను హోరును కూడా పట్టేస్తుంది. అలాంటి చోట 1966 నాటి షూర్ ఎస్ఎం58 తరహా డైనమిక్ మైకును నోటికి 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో వాడడం మేలు. గోడలకు వేలాడదీసిన బొంతలు పై స్థాయి ధ్వనులను కొంత పీల్చుకుంటాయి. మృదంగం తొప్పి వైపు పలికే మంద్రనాదాన్ని మాత్రం ఆపలేవు.

గాత్రానికి, మృదంగానికి చెరొక మైకు చొప్పున రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ చాలు. భజన బృందానికి చాలదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వద్ద నమోదు చేయడం సాధారణ ప్రమాణం.