రెక్సిన్ అంటే ఏ రెక్సిన్?

మనకి వనస్పతి ఏదైనా డాల్డానే, బట్టల పొడి ఏదైనా సర్ఫే. అలాగే తోలు కాకపోయినా తోల్లా కనిపించేదంతా రెక్సినే. సోఫా, స్కూటర్ సీటు, అంబాసిడర్ వెనక సీటు, అన్నిటికీ అదే పేరు. మాట్లాడుకోడానికైతే ఇబ్బందేం లేదు. పాత కారు సీటు తుడుద్దామని గుడ్డ పట్టుకున్నవాడికే ఈ ఒక్క పేరు చాలదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని ఆమ్లాల్లో ముంచి తయారుచేసిన గన్‌కాటన్ గురించి లోకానికి చెప్పాడు. తుపాకుల్లో వాడే సరుకది. నైట్రేషన్ పాళ్ళు తగ్గిస్తే అదే నైట్రోసెల్యులోజ్ పేలుడు గుణం తగ్గి, ద్రావకాల్లో కరిగి, పూతకి పనికొస్తుంది. దాన్ని బట్ట మీద పూసి, తోలు గీతలు అచ్చొత్తితే నకిలీ తోలు రెడీ! 1910లో పేలుడు మందుల కంపెనీ డ్యూపాంట్, ఫాబ్రికాయిడ్ అనే నకిలీ తోలు కంపెనీని కొనేసింది. వింతేముంది, ముడిసరుకు ఒకటేగా. బ్రిటన్లో ఇలాంటి సరుకుకే రెక్సిన్ అని బ్రాండు పేరు. 1920ల నుంచి అక్కడి కార్లలోకీ రైలు పెట్టెల్లోకీ ఎక్కింది.

ఇంకోవైపు 1926లో అమెరికాలో వాల్డో సెమన్, పెళుసుగా ఉండే పీవీసీని మెత్తగా మార్చే దారి కనిపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ వినైలే పాతదాన్ని పక్కకి నెట్టేసింది. 1950ల చివర్నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్లలో మనం రెక్సిన్ అని పిలిచినవి చాలామటుకు వినైల్ పూసిన బట్టలే. సరుకు మారింది, పేరు మారలేదు. మా సాఫ్టువేరు భాషలో చెప్పాలంటే ఫైలు పేరు అదే, లోపల వెర్షన్ వేరు.

ఇప్పుడు తుడిచే సంగతి. అసలు రెక్సిన్‌కి థిన్నరు తగిలిందా, పూత కరిగి గుడ్డకి అంటుకొచ్చేస్తుంది. వినైల్ కథ వేరు. దాన్ని మెత్తగా ఉంచేది లోపల కలిపిన నూనెలాంటి ద్రవం. ఎండకీ వేడికీ అది మెల్లగా బయటికొచ్చేస్తుంది. అందుకే సీటు ముందు జిగురుగా, తర్వాత గట్టిగా అయ్యి పగులుతుంది. పెట్రోలుతో రుద్దితే ఉన్న కాస్త ద్రవం కూడా పోతుంది. కొబ్బరి నూనె రాస్తే నాలుగు రోజులు మెరుస్తుంది గానీ, ఆ జిడ్డుకి దుమ్మంతా అతుక్కుంటుంది.

నా మటుకు నాకు రెండిటికీ భద్రమైన పద్ధతి ఒకటే. ముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. గోరువెచ్చని నీళ్ళలో ఒకట్రెండు చుక్కల సబ్బు వేసి, గుడ్డని బాగా పిండి, కనపడని మూల తుడిచి చూడాలి. రంగు రాకపోతేనే మిగతాది. తర్వాత వట్టి తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. కారు నీడలో ఉంచాలి. అంతే.

మా బాబాయి 1970ల నాటి అంబాసిడర్‌కి సీట్లు పీకి కొత్తవి వేయిస్తానంటున్నాడు. ఊళ్ళో పాత కార్లు కొన్నవాళ్ళందరూ చేసేది అదే. నేను వద్దంటున్నాను. బయట రంగు మళ్ళీ వేయించుకోవచ్చు. ఆ కాలపు గీతల అచ్చు, కుట్టు, అంచు పట్టీ చెత్తబుట్టలోకి పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి? చిరిగిన చోట అడుగున బట్ట అతికిస్తే సరిపోయేదానికి మొత్తం పీకడం దేనికి? మోటారు బండి చరిత్ర ఇంజన్లోనే లేదు, మనం కూర్చున్న చోట కూడా ఉంది. దాన్ని కొత్తగా కనిపించేలా చేయడం వేరు, నిలబెట్టడం వేరు.